లేడీస్ గది తలుపు: బ్రిటన్ గొడవ మీద కొన్ని అపోహలు

2023 మే 30 రాత్రి ఛానల్ 4లో ‘జెండర్ వార్స్’ డాక్యుమెంటరీ వచ్చింది. అందులో ప్రధానంగా కనిపించిన కాథ్లీన్ స్టాక్ ఒకప్పుడు ససెక్స్ యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్. పుట్టుకతో వచ్చిన లింగం మారదనేది ఆవిడ వాదన. అదే రోజు ఆవిడ ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అనే చర్చా వేదికలో మాట్లాడుతుంటే, నిరసనకు వచ్చినవాళ్లలో ఒకరు అరచేతిని జిగురుతో నేలకు అతికించుకున్నారు. ట్రాన్స్ మహిళలను, అంటే మగవాళ్లుగా పుట్టి ఆడవాళ్లుగా బతికేవాళ్లను, ఆడవాళ్ల గదుల్లోకి రానివ్వాలా వద్దా అని చూసిన జనం రెండు జట్లయ్యారు. ఇంగ్లండ్‌లో చిన్న వ్యాపారాలకు ఉద్యోగ చట్టాల మీద సలహాలిచ్చే నాకు ఆ వారమంతా ఫోన్లే. రెండు జట్లూ చట్టాన్ని తప్పుగానే చెబుతున్నాయి, ఇప్పటికీ.

అపోహ: "నేను ఆడదాన్ని" అంటే చాలు, ఏ గదిలోకైనా రానివ్వాల్సిందే.

కాదు. ఆడవాళ్లకు మాత్రమే అని సేవ నడిపే వెసులుబాటు 2010 సమానత్వ చట్టంలో మొదటి నుంచీ ఉంది. షెల్టర్, హాస్పిటల్ వార్డు, ఛేంజింగ్ రూమ్ లాంటివి. సరైన కారణం ఉండాలి, ఆ కారణానికి మించి కట్టడి పెట్టకూడదు.

అపోహ: 2025 తీర్పుతో ట్రాన్స్ వ్యక్తుల హక్కులన్నీ పోయాయి.

నా లెక్కలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. 2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలూ ఒక్కమాటగా చెప్పింది ఇదీ: 2010 చట్టంలో ‘స్త్రీ’ అంటే పుట్టుకతో వచ్చిన లింగాన్ని బట్టే, జెండర్ మారినట్టు ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ ఉన్నా సరే. అంటే చట్టప్రకారం ఆడవాళ్లకే అని పెట్టిన సేవలో ట్రాన్స్ మహిళలను చేర్చుకోకపోవచ్చు. కానీ ‘జెండర్ రీఅసైన్‌మెంట్’ (జెండర్ మార్పు) పేరుతో, వివక్ష నుంచి అదే చట్టం ఇచ్చిన రక్షణ చెక్కు చెదరలేదు. దానికి సర్జరీ కూడా అక్కర్లేదు. దీన్ని ఒక వర్గం మీద ఇంకో వర్గం గెలుపుగా చూడొద్దని ఆ జడ్జీల్లో ఒకరైన లార్డ్ హాడ్జ్ కోర్టులోనే అన్నారు. అయినా మర్నాడే ఒక యజమాని తన దగ్గర పనిచేసే ట్రాన్స్ మహిళ గురించి ఫోన్ చేసి, "ఇక ఆ అమ్మాయిని తీసేయొచ్చు కదండీ?" అన్నాడు. తీసేస్తే ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సి వస్తుందండీ అని చెప్పాను.

అపోహ: సర్టిఫికెట్ అడిగి చూస్తే ఎవరు ఆడో మగో తేలిపోతుంది.

2004 జెండర్ గుర్తింపు చట్టం ఇచ్చే ఆ కాగితంతో మారేది బర్త్ సర్టిఫికెట్. 18 నిండాలి, మామూలుగా డాక్టర్ల రిపోర్టులు, ఆ జెండర్‌లో రెండేళ్లు బతికినట్టు ఆధారాలు కావాలి. ఫీజు మాత్రం 2021లో 140 పౌండ్ల నుంచి 5కి తగ్గించారు. పాస్‌పోర్టు, లైసెన్సు అది లేకుండానే మార్చుకోవచ్చు. పైగా ఒకరికి ఆ సర్టిఫికెట్ ఉందన్న సంగతి ఉద్యోగరీత్యా తెలిసి బయటపెడితే, కొన్ని మినహాయింపులు తప్ప, నేరం.

అపోహ: ఇండియాలోలా ఇక్కడా మూడో జెండర్ ఉంది.

మనవాళ్లే ఎక్కువ అడుగుతారు, మూడో జెండర్‌ని గుర్తించిన మన సుప్రీంకోర్టు 2014 నల్సా తీర్పు గుర్తుండి. బ్రిటన్ చట్టంలో ఉన్నవి రెండు గడులే. పాస్‌పోర్టులో ‘ఎక్స్’ (ఆడా కాదు, మగా కాదు) కోసం వేసిన కేసును కూడా 2021లో ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది.

అపోహ: టాయిలెట్ బోర్డు మార్చి ‘యునిసెక్స్’ అని పెడితే గొడవే ఉండదు.

ఒక తెలుగు రెస్టారెంట్ ఓనరు సరిగ్గా ఇదే చేశాడు. వెళ్లి చూస్తే వరసగా మూడు క్యాబిన్లు, పార్టిషన్ కింద జానెడు సందు, పైన అంతకు రెట్టింపు. 1992 నాటి వర్క్‌ప్లేస్ నిబంధనల ప్రకారం పనిచేసేవాళ్లకు ఆడ, మగ టాయిలెట్లు విడివిడిగా ఉండాలి. లేదంటే ఒక్కొక్కటీ విడి గదిగా ఉండి, తలుపుకి లోపలి నుంచి గడియ ఉండాలి. సందులున్న క్యాబిన్‌ని గది అనలేం. ఇంగ్లండ్‌లో 2024 అక్టోబర్ నుంచి కొత్త బిల్డింగులకు రూల్స్ ఇంకా గట్టిపడ్డాయి కానీ, ఇతనిది పాత బిల్డింగు.

"పైదాకా గోడ కట్టిస్తా అన్నా, సింకు కూడా లోపలే పెట్టాలా?" అన్నాడు టేపు పట్టుకుని. చేతులు కడుక్కునే సింకు అందరికీ కలిపి ఉండొచ్చు అన్నాను. ఊపిరి పీల్చుకుని, ప్లంబర్‌కి ఫోన్ చేసి రావొద్దని చెప్పాడు.