డ్రమ్ములో దోమ, ఓడలో నావికుడు

విశాఖపట్నం

చిరంజీవులకు ఆశీస్సులు.

శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లు పారబోసి ఆరబెట్టే రోజు, అని మలేరియా వాళ్లు వచ్చి మన డ్రమ్ములూ తొట్లూ తొంగి చూస్తారు గదా. "మా ఇల్లు, మా నీళ్లు, వీళ్లకేం పని?" అని అడిగారు మీరు. అడగాల్సిన ప్రశ్నే.

డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగు కాలవలో కాదు, నిలవ ఉంచిన మంచినీళ్లలో పెరుగుతుంది. కాళ్లమీద తెల్లచారలు ఉంటాయి, పగలే కుడుతుంది. మన వేడికి గుడ్డు దోమై ఎగరడానికి 7 నుంచి 10 రోజులు చాలు. వారానికోసారి నీళ్లు పారబొయ్యమనేది అందుకే. మీ తొట్టిలో పుట్టిన దోమ మీ ప్రహరీ దగ్గర ఆగదు, పక్కింటి పసివాణ్ణి కుడుతుంది. అందుకని వాళ్లు లోపలికి రావచ్చు. వచ్చింది నీళ్లు చూడటానికే గాని, ఇంట్లో ఎవరెవరున్నారో, ఏం వండుకున్నారో ఆరా తియ్యడానికి కాదు. పని ఎంతో అధికారమూ అంతే.

ఈ కొలత మన పోర్టులో బాగా కనిపిస్తుంది. ఎల్లో ఫీవర్ అనే దోమకాటు జ్వరం ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉంది, మన దేశంలో లేదు. దాన్ని మోయగల ఏడిస్ దోమ మాత్రం ఊరినిండా ఉంది. ఆ దేశాలనుంచి టీకా పత్రం లేకుండా దిగిన నావికుణ్ణి, ఒంట్లో నలత లేకపోయినా, 6 రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. ఆరే ఎందుకు? దోమ కుట్టిన 3 నుంచి 6 రోజుల్లో జ్వరం బయటపడుతుంది. ఆ గడువు దాటాక కూడా అట్టే పెడితే దానికి వైద్యంలో కారణం లేదు. ఉంచిన ఆ కొద్ది రోజులూ అతనికి తిండి, దోమతెర, ఇంటికి ఫోను ఉండాలి. అతను ఏ తప్పూ చెయ్యలేదు, మన కోసం ఆగాడు. ఇంకో సంగతి. ఈ టీకా పత్రం ఒకప్పుడు 10 ఏళ్లే చెల్లేది. ఒక్క మోతాదు జీవితాంతం కాపాడుతుందని తేలాక, 2016 జూలై 11 నుంచి గడువు ఎత్తేశారు. కొత్త సంగతి తెలిశాక పాత ఆంక్షను సడలించడం ఆరోగ్యశాఖల్లో అంత తరచుగా జరిగే పని కాదు, అందుకే గుర్తు చేస్తున్నా.

ఇక డ్రమ్ముల దగ్గరికి వద్దాం. అసలు చిక్కు ఇక్కడుంది.

కొండవాలు బస్తీలో మెట్ల పక్కన వరసగా నీలం డ్రమ్ములు చూశారా? కుళాయి కాసేపు వచ్చి ఆగిపోయేచోట 200 లీటర్ల డ్రమ్ము లేకపోతే ఇల్లు గడవదు. ఆ తల్లిని "లార్వా (నీళ్లలోని దోమ పిల్లపురుగు) ఉంది, జరిమానా కట్టు" అంటే న్యాయమా? రోజూ నీళ్లిచ్చి, ఆ తరవాత నిలవ పెట్టొద్దనాలి. ఇవ్వలేనప్పుడు కనీసం బిగుతైన మూత ఇవ్వాలి. పాత చీరముక్క కప్పి సైకిల్ ట్యూబు పట్టీతో బిగించుకోవచ్చు. అయితే గుడ్డ జారి నీళ్లకు తగిలితే ఆ తడిమీదే దోమ వాలుతుంది.

"పారబొయ్యండి" అని చెప్పి వెళ్లిపోవడమూ తప్పే. గుడ్లు నీళ్లమీద తేలవు, నీటి అంచుకు కాస్త పైన డ్రమ్ము గోడకు నల్లటి నలుసుల్లా అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి ఒక్కొక్క డ్రమ్మునే వాడి ఖాళీ చేసి, అడుగున మిగిలింది గుడ్డలో వడగట్టి పక్క డ్రమ్ములో పోసుకుని, లోపలి గోడను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. చుక్క నీరు వృథా కాదు. చేతకాని సలహా ఇచ్చి, చెయ్యలేదని తిట్టడం అధికారుల పాత జబ్బు.

మందు విషయమూ ఉంది. లార్వాను చంపే టెమిఫాస్‌ను తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. నూటికి ఒక వంతు మందుండే గుళికలైతే 200 లీటర్లకు 20 గ్రాములు. ఆ సంగతి ముందు ఇంటావిడకు చెప్పి, సరేనన్నాక వెయ్యాలి. చెప్పకుండా గుప్పెడు చల్లితే ఆమె ఆ నీళ్లు పారబోసి, వచ్చేవారం తలుపు తియ్యదు.

లెక్కల్లోనూ అన్యాయం దూరుతుంది. 100 ఇళ్లు చూస్తే ఎన్నింట్లో లార్వా దొరికిందో అది ఇళ్ల సూచీ. బస్తీలో తలుపులు తెరిచే ఉంటాయి. బీచ్‌రోడ్డు వైపు అపార్టుమెంట్లో వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. మేడమీద మూతలేని ట్యాంకు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం ఎవరూ చూడరు. చూసినచోటే దొరుకుతుంది గదా, చివరికి కాగితంమీద "బస్తీలే దోమల గూళ్లు" అని తేలుతుంది. తాళం పడ్డ ఇళ్లెన్నో కూడా రాయని పట్టికను నమ్మకండి.

దోమలకు పొగ కొట్టే బండి గురించి రెండు ముక్కలే. అది ఎగిరే దోమల్ని చంపుతుంది, నీళ్లలోని లార్వాను ముట్టదు. వారంలో కొత్త దోమలు లేస్తాయి. జనం అడుగుతారు, నాయకులు పంపుతారు, ఫొటో బాగా వస్తుంది.

డెంగీ వచ్చిన మనిషి రక్తంలో మొదటి ఐదారు రోజులు వైరస్ ఉంటుంది. ఆ రోజుల్లో కుట్టిన దోమ 8 నుంచి 12 రోజుల తరవాత ఇంకొకరికి అంటిస్తుంది. కాబట్టి రోగి పగలు కూడా దోమతెరలో పడుకోవాలి, అది అతని వంతు. మన వంతు, పేరు బయటపెట్టకపోవడం. "ఈ వీధిలో డెంగీ ఉంది, తొట్లు చూసుకోండి" అంటే చాలు. ఎవరింట్లో అని వాట్సాప్‌లో పెడితే రేపు జ్వరమొచ్చినవాడు పరీక్షకే రాడు, దోమకు మాత్రం దొరుకుతాడు.

మన ఫ్రిజ్ వెనక ట్రే చూసి ఎన్నాళ్లయిందో మీ అమ్మనడగండి. శుక్రవారం దాన్ని కడిగేది మీరే.

మీ తాతయ్య