ఏడో కథ చివరి పేజీ ఏది?

బైరాగిపట్టెడ,
తిరుపతి.

చిరంజీవులైన పిల్లలకు మీ తాత ఆశీస్సులు.

మొన్న మా అరుగు మీద పెట్టిపోయిన నోటుబుక్కు అట్ట నుంచి అట్ట దాకా చదివాను. పదకొండు కథలు. స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్లో అంతరిక్ష ఓడవాళ్లనూ, డాక్టర్ హూ అనే ఇంగ్లండు సీరియల్లో డాక్టరు ఎక్కి కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే నీలం పెట్టెనూ తెచ్చి ఒకే కథలో పడేశారు. “పుస్తకంగా కుట్టి ఇస్కూల్లో పంచుతాం తాతా, తప్పులు దిద్దీ” అని చీటీ కూడా అంటించారు. దిద్దాను. ఎర్రపెన్ను మధ్యలోనే అయిపోతే మిగతాది నీలంతో కానిచ్చాను. ఒత్తుల సంగతి అటుంచి, అసలు చెప్పాల్సింది వేరే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ ఇంట్లో జరిగిన గొడవ. “ఎవురో తీసిన సీరియల్ ఎత్తుకొచ్చి రాస్తే అది మీ కథ ఎట్లవుతుందిరా” అని కోప్పడ్డారంట. మీ నాయనమ్మను అడగండి, జాంబవంతుడు ఎవరని. రామాయణంలో సుగ్రీవుడి పక్షాన నిలబడ్డ ఎలుగుబంటి రాజు. ఆయనే భాగవతంలో శమంతకమణి కోసం కృష్ణుడితో ఇరవై ఎనిమిది రోజులు కుస్తీ పట్టి, చివరికి కూతుర్నిచ్చి పెళ్లి చేస్తాడు. భారతంలో భీముడు పువ్వు కోసం పోతూ దారికి అడ్డంగా పడుకున్న ముసలి కోతి తోక ఎత్తలేక చతికిలబడతాడే, ఆ కోతి హనుమంతుడు కాదూ! ఒక కథలో మనిషి ఇంకో కథలోకి నడిచి రావడం మనకు కొత్తేం కాదు. కృష్ణుడూ అర్జునుడూ ఒకరి మీద ఒకరు కత్తి దూసే గయుడి కథ వ్యాసుడి భారతంలో లేనే లేదు. అయినా మన నాటకాలవాళ్లు దాన్ని ఎన్ని రాత్రులు ఆడారో లెక్కలేదు.

మన చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు చూశారు కదా. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కి నిమ్మకాయలు విసురుతాడు, ఆఖర్న బయల్లో మట్టి దుర్యోధనుడు పడతాడు. నా చిన్నప్పుడు ఒక బఫూన్ ద్రౌపది స్వయంవరం మధ్యలో దూరి మండీలో టమోటా ధర గురించి జోకేశాడు. నవ్వని మనిషి లేడు. కానీ ఆ బఫూన్ మత్స్యయంత్రాన్ని మాత్రం తాను కొట్టలేదు. అది అర్జునుడి పని. ఆ హద్దు వాడికి తెలుసు. మీ పదకొండు కథల్లో పది కథలకు తెలియంది అదే.

ఎందుకో చెప్తాను. స్టార్ ట్రెక్ లోకానికి ఒక కట్టుబాటు ఉంది. ఇంకో గ్రహం వాళ్ల బతుకులో, వాళ్ల ఎదుగుదలలో వేలు పెట్టకూడదు. దాన్ని ప్రైమ్ డైరెక్టివ్ అంటారు. ఓడ కెప్టెన్ కిర్క్ దాన్ని ఎన్నిసార్లు తప్పాడో అది వేరే సంగతి. తప్పినప్పుడల్లా తప్పుతున్నానని తెలుసు, అందుకే అది కథ అయింది. నీలం పెట్టె డాక్టర్ సంగతి తిరగబడ్డ అట్టు. ఆయన పెట్టె దిగిన చోట వేలు పెట్టకుండా ఉండలేడు. ఇప్పుడు ఈ ఇద్దర్నీ ఒక ఊళ్లో దించండి. ఒకరు “మనకెందుకు, చేయకూడదు” అంటారు, ఇంకొకరు అప్పటికే తలుపు తీసి లోపలికి పోయుంటారు. కథ అక్కడ పుడుతుంది. మీ రెండో కథలో వాళ్లిద్దరూ కలిసి చేతులు కలుపుకుని, ఒక రాక్షసుణ్ణి కొట్టి, కాఫీ తాగి ఎవరి దారిన వాళ్లు పోయారు. వాళ్ల పేర్లు తీసేసి ఏ ఇద్దరి పేర్లు పెట్టినా ఆ కథ అలాగే నడుస్తుంది. అదే దానికున్న జబ్బు.

ఆ లోకాల కట్టుబాట్లు కొన్ని చేతిలో డబ్బు లేక పుట్టినవే. వారం వారం ఓడను గ్రహం మీద దించినట్టు చూపించాలంటే ఖర్చు, అందుకని మనుషుల్ని మాయం చేసి కింద ప్రత్యక్షం చేసే యంత్రం కనిపెట్టారు. డాక్టర్ హూ 1963 నవంబరు 23న మొదలైంది. మూడేళ్లకు డాక్టరు వేషం కట్టిన నటుడు హార్ట్‌నెల్ ఆరోగ్యం చెడింది. సీరియల్ ఆపడానికి మనసొప్పక, డాక్టరుకు మొహమే మారిపోతుందని 1966లో కొత్త నియమం రాసుకున్నారు. దీన్ని అర్థం చేసుకోవడానికి మీరు లండన్ దాకా పోనక్కర్లేదు. మన తిరుపతి గంగజాతరలో అమ్మ బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసుకుని దుర్మార్గుడైన పాలెగాడి కోసం వెతుకుతుంది, నాలుగో నాడు దొర వేషంలో వాణ్ణి పట్టేస్తుంది. వేషం మారినా అమ్మ మారదని తాతయ్యగుంట వీధుల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మీ నాలుగో కథలో ఈ పోలిక మీకే తట్టింది, శభాష్. కానీ సగం పేజీలో వదిలేశారు. పెంచండి.

స్టార్ ట్రెక్ అదే 1966లో, సెప్టెంబరు 8న వచ్చింది. ఆ మరుసటేడే అమెరికాలో అభిమానులు స్పాకనేలియా అని ఒక పత్రిక వేశారు. అప్పటి అభిమాన పత్రికలు చాలావరకు సైక్లోస్టైల్ సరుకే. టైపు మిషన్‌కు రిబ్బన్ తప్పించి మైనపు స్టెన్సిల్ కాగితం మీద కొడితే అక్షరాలు కోసుకుంటాయి, దాన్ని సిరా డ్రమ్ముకు చుట్టి పిడి తిప్పితే కాపీ వస్తుంది. నేను ఆఫీసులో ముప్పై ఏళ్లు ఆ పిడి తిప్పినవాణ్ణి, అందుకే ఆ పిల్లల చేతులు ఎంత నల్లగా అయ్యుంటాయో నాకు తెలుసు. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆ ఓడవాళ్లను చూసినప్పుడు మాకు ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. అర్థం కాని సగం మేమే అల్లుకుని ఆఫీసులో చెప్పుకునేవాళ్లం. ఆ లెక్కన మీ కంటే ముందు ఈ పని మొదలుపెట్టింది నేను.

ఇంకో మాట, నొచ్చుకోవద్దు. మీ తొమ్మిదో కథలో తిరుపతి పాప ఒకతి, పదిహేనేళ్లది, ఓడ ఇంజను బాగుచేసి, ఓడలో లెక్కల్లో దిట్ట అయిన స్పాక్‌కే లెక్కలు నేర్పించి, డాక్టరు పెట్టె తాళం కూడా తీస్తుంది. 1973లో పౌలా స్మిత్ అనే ఆవిడ ఇలాంటి కథల్ని ఎగతాళి చేస్తూ ఒక చిన్న కథ రాసింది. అందులో పిల్ల పేరు మేరీ సూ, వయసు పదిహేనున్నర. అప్పట్నుంచి తప్పే చేయని పాత్రకు ఆ పేరు స్థిరపడింది. మన పాపతో ఒక్క పొరపాటైనా చేయించండి. తాళం విరగ్గొట్టించినా చాలు.

కొన్ని పనులు చకచకా చెప్పేస్తాను. ప్రతి కథ మొదట్లో అది ఏ ఎపిసోడ్ తర్వాత జరిగిందో ఒక వాక్యం రాయండి. ఒక సీరియల్ మాత్రమే చూసినవాడు కూడా చదువుతాడు కాబట్టి రెండో లోకాన్ని నాలుగు ముక్కల్లో పరిచయం చేయండి. ఈ పాత్రలు మావి కావని మొదటి పేజీలోనే రాయండి, పైసా తీసుకోవద్దు. 2012లో డాక్టర్‌నూ స్టార్ ట్రెక్ రెండో తరం ఓడవాళ్లనూ కలిపి ఒక కామిక్ వచ్చింది. అందులో డాక్టరు పగవాళ్లు సైబర్‌మెన్, ఓడవాళ్ల పగవాళ్లు బోర్గ్ చేతులు కలుపుతారు. అది హక్కుదారుల అనుమతితో వచ్చింది, మీకు అనుమతి లేదు. అభిమానంతో రాసి పంచుకోవడం వేరు, అమ్ముకోవడం వేరు.

ఇక ఏడో కథ. 1979 ఆగస్టు, సూళ్లూరుపేట బస్టాండు వెనక నీలం పెట్టె దిగుతుంది. పదో తేదీన శ్రీహరికోట నుంచి మన దేశపు రాకెట్ ఎస్.ఎల్.వి.-3 మొదటిసారి లేస్తుంది, ఒక వాల్వు మొరాయించి బంగాళాఖాతంలో పడుతుంది. నిజంగా జరిగిందీ అదే. డాక్టరు ఆ వాల్వు సరిచేద్దామంటాడు. స్పాక్ అడ్డం నిలబడి, ఇది ఇక్కడి శాస్త్రవేత్తల తప్పు, వాళ్లే వెతికి పట్టుకోవాలి అంటాడు. పదకొండు నెలలకు, 1980 జులై 18న, వాళ్లే రోహిణి ఉపగ్రహాన్ని పైకి పంపారని మనకు తెలుసు, ఆ పెట్టె ఎక్కినవాళ్లకూ తెలుసు. ఇద్దరూ రాత్రంతా పులికాట్ గట్టు మీద వాదించుకుంటారు. డాక్టరు లేచి చేతిలో స్క్రూడ్రైవర్ తీసుకుంటాడు.

అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ చింపిన గుర్తు ఉంది. రాసిందెవరో పేరు కూడా లేదు.

శనివారం సాయంత్రం రండి. కుట్టడానికి దబ్బనం, పురికొస నా దగ్గరున్నాయి. ఆ పేజీ ఎవరి దగ్గరుంటే వాళ్లు తీసుకురండి, చింపినది ముక్కలైనా ఫరవాలేదు, అంటించుకుందాం.

ఇట్లు,
మీ తాత