బోనులో పేరు చెబితే బంధువులంతా ముద్దాయిలేనా? 498-ఏ కేసుల్లో అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఒక రాత్రి పదిన్నరకి ఫోన్. "మేడం, ఆ అమ్మాయి ఇవాళ చీఫ్‌లో (కోర్టులో మొదట ఇచ్చే సాక్ష్యంలో) నా పేరు కూడా చెప్పిందట. రేపు పొద్దున్నే పోలీసులు వస్తారా? స్కూల్లో తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుంది?" అది 498-ఏ కేసు, అంటే భార్యని భర్త, అతని బంధువులు వేధిస్తే పాత ఐపీసీ కింద పెట్టే కేసు. ఫోన్ చేసినావిడ ఏ-1కి, అంటే మొదటి ముద్దాయి అయిన భర్తకి, అక్క. పెళ్లయి పద్నాలుగేళ్లుగా వేరే జిల్లాలో ఉంటున్న టీచర్. ఎఫ్ఐఆర్‌లో ఆవిడ పేరు ఉంది కానీ దర్యాప్తులో పోలీసులు తీసేశారు, ఛార్జిషీటులో లేదు. ఎవరో బంధువు "319 సెక్షన్ కింద పిటిషన్ వేస్తారు, ఇక నువ్వూ ముద్దాయివే" అన్నాడట. ఆ పూట నుంచి ఆవిడకి అన్నం సహించలేదు.

పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, ఈ కేసుల్లో మామూలుగా ఆ అమ్మాయే) బోనులో పేరు చెబితే చాలు, సమన్లు వచ్చేస్తాయన్న మాట వారానికి ఒకసారైనా వింటున్నాను. దీనివల్ల భర్త తరఫు వాళ్లకి నిద్ర పట్టడం లేదు, అమ్మాయి తరఫు వాళ్లు కేసులు పాడుచేసుకుంటున్నారు. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే సీఆర్పీసీలోని సెక్షన్ 319 (దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 358) ప్రకారం, కోర్టులో వచ్చిన సాక్ష్యాన్ని బట్టి ముద్దాయి కాని మనిషి కూడా నేరం చేసినట్టు కనబడితే, ఉన్న ముద్దాయిలతో కలిపి విచారించడానికి కోర్టు పిలవవచ్చు. పిలవవచ్చు అంతే, పిలిచి తీరాలని లేదు. ఎంత సాక్ష్యం ఉండాలో 2014లో హర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఛార్జి ఫ్రేమ్ చేయడానికి (అభియోగం మోపడానికి) సరిపోయే ప్రైమాఫేసీ, అంటే పైకి చూడగానే కనబడే ఆధారం, కంటే బలమైన సాక్ష్యం కావాలి. శిక్ష వేసేంత బలం ఉండక్కర్లేదు. ఇది అరుదుగా వాడాల్సిన అధికారమని కూడా అదే తీర్పులో ఉంది. దర్యాప్తులో పోలీసులు సెక్షన్ 161 కింద రాసుకున్న సాక్షుల స్టేట్‌మెంట్లు ఒక్కటే చూపించి పిలవడం కుదరదు. కోర్టులో వచ్చిన సాక్ష్యానికి తోడుగా మాత్రమే అవి పనికొస్తాయి.

మన కోర్టుల్లో జరిగేది ఏమిటి? "అత్త, మామ, ఆడపడుచు, ఆమె భర్త, మరిది, తోటికోడలు అందరూ కలిసి అదనపు కట్నం తెమ్మని వేధించారు" అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. మర్నాడే 319 పిటిషన్. ఒక కేసులో మేజిస్ట్రేట్ గారు రాయడం ఆపి, "అమ్మా, మీ ఆడపడుచు మీ ఇంటికి ఎప్పుడెప్పుడు వచ్చేది?" అని అడిగారు. "పండగలకి వచ్చేదండి." "వచ్చినప్పుడు ఏమంది?" ఆ అమ్మాయి తండ్రి వైపు చూసింది, జవాబు లేదు. ఆ పిటిషన్ నిలబడలేదు.

ఇంకో కేసులో నేను అమ్మాయి తరఫున ఉన్నాను. అక్కడా పోలీసులు ఆడపడుచు పేరు తీసేశారు. కానీ అమ్మాయి బోనులో చెప్పింది వేరు. సీమంతం రోజున, ఆడపడుచు లాంఛనం లక్ష తక్కువైందని, అమ్మాయి తింటున్న పళ్లెం ఆడపడుచు పక్కకి లాగేసి "ముందు మీ నాన్నకి ఫోన్ చెయ్యి" అందని చెప్పింది. రెండు రోజుల తర్వాత తండ్రి ఆ లక్ష ఆడపడుచు ఖాతాలోనే వేశాడు. ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ ఎగ్జిబిట్‌గా (కోర్టు రికార్డులో రుజువుగా) మార్క్ అయింది. పక్కింటావిడ కూడా పళ్లెం సంగతి చెప్పింది. పిటిషన్ అలౌ అయింది. రెండు కేసుల్లోనూ అదే సెక్షన్, అదే ఆడపడుచు వరస. ఒకచోట పేరు తప్ప ఏమీ లేదు, ఇంకోచోట ఆ మనిషి చేసిన పని కళ్లకి కట్టింది.

అమ్మాయి తల్లిదండ్రులకి ఒక మాట. 319 కింద కొత్త ముద్దాయి వస్తే, ఆ మనిషికి సంబంధించినంత వరకు విచారణ మొదటికొస్తుంది, సాక్షుల్ని మళ్లీ విచారించాలి. అంటే మీ అమ్మాయి ఆ బోను మళ్లీ ఎక్కాలి. పైకోర్టులో స్టే వస్తే ఏడాదులు గడుస్తాయి. ఊళ్లోనే లేని మరిదిని "కొట్టాడు" అని రాయిస్తే, క్రాస్‌లో (ఎదుటి లాయర్ వేసే ప్రశ్నల్లో) ఆ ఒక్క అబద్ధం చూపించి, నిజంగా కొట్టిన భర్త మీది సాక్ష్యాన్ని కూడా పలచన చేస్తారు. ఇది నా కళ్లముందు జరిగింది, ఆ అమ్మాయి ఏడుపు ఇంకా గుర్తుంది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, నిర్దిష్ట ఆరోపణ లేకుండా కుటుంబ సభ్యుల పేర్లన్నీ చేర్చడాన్ని మొదట్లోనే తుంచేయాలంది. అది కేసు కొట్టేయమని వేసిన క్వాష్ వ్యవహారం, 319 కాదు. అయినా అందులోని తర్కం ఇక్కడా వాదిస్తాం. హింస పడిన ఆడపిల్ల నోరు మూసుకోవాలని తమ ఉద్దేశం కాదని కూడా ఆ తీర్పులో ఉంది. దాన్ని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఈ వాక్యం మాత్రం వదిలేస్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"ఛార్జిషీటులో పేరు లేదు కాబట్టి ఇక ఎప్పటికీ భయం లేదు." తప్పు. ఎఫ్ఐఆర్‌లో పేరు లేని వాళ్లనీ, పేరుండి ఛార్జిషీటు వేయని వాళ్లనీ కూడా సాక్ష్యం ఉంటే పిలవవచ్చు. పాత కాగితాలు పారేయకండి.

"క్రాస్ అయ్యేదాకా పిలవకూడదు." అక్కర్లేదు. చీఫ్ మీదే ఆర్డర్ ఇవ్వవచ్చని హర్‌దీప్ సింగ్ తీర్పే చెప్పింది.

"తీర్పు వచ్చాకైనా చేర్చవచ్చు." కుదరదు. శిక్ష ఖరారు చేసే ముందే, కేసు కొట్టేసేటట్లయితే ఆ తీర్పు చెప్పే ముందే ఆర్డర్ రావాలని 2022 డిసెంబరులో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

"భర్త ప్రియురాల్ని కూడా 498-ఏలో చేర్చవచ్చు." ఆమె ఆ సెక్షన్ కింద బంధువు కాదని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లిళ్ల పేరయ్య కూడా బంధువు కాదు.

"సమన్లంటే అరెస్టే." ఇది విని ఇంటికి తాళం వేసుకుని పరారయ్యేవాళ్లని చూస్తే బాధేస్తుంది. వెళ్లకపోతేనే నాన్‌బెయిలబుల్ వారెంట్ దాకా వస్తుంది. సమన్లు అందితే కాపీ, ఆధార్ తీసుకుని వెంటనే లాయర్ దగ్గరికి వెళ్లండి. వాయిదాకి జామీన్‌దార్లతో సిద్ధంగా ఉండండి. ఆ ఆర్డర్‌ని పై కోర్టులో సవాలు చేస్తూ రివిజన్ వేయడానికి 90 రోజులు టైం ఉంటుంది, అది దాటనివ్వకండి.

ఆ టీచర్‌తో ఆ రాత్రి అరగంట మాట్లాడాను. నిజానికి అప్పటికి పిటిషనే పడలేదు, పడొచ్చన్న పుకారు మాత్రమే. పెళ్లయినప్పటి నుంచీ ఆ ఊళ్లో లేనని చూపే సర్వీస్ రిజిస్టర్ కాపీ, అద్దె రసీదులు ఒక ఫైల్లో పెట్టుకోమన్నాను. పెట్టుకుని, "పొద్దున్న స్కూలుకి వెళ్తున్నాను మేడం" అని మెసేజ్ పెట్టింది.