పూల డెకరేషన్, ల్యాండ్‌స్కేపింగ్: చదువుకుంటూ మొదలుపెట్టేవాళ్లకు అపోహలు - వాస్తవాలు

హార్టికల్చర్ డిగ్రీ చదువుతూనే నేను ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే విద్యార్థులు కూడా అప్పట్లో నేను నమ్మినవే నమ్ముతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చేతిలో కళ ఉంటే చాలు.

వాస్తవం: కళ కంటే ముందు నీళ్లు చూసుకోవాలి. నా మొదటి పెళ్లి ఆర్డరుకు తెల్లవారుజామునే హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో గులాబీలు కొన్నాను, కట్టకు 20 పూల చొప్పున. మంటపం దగ్గర వాటిని అట్టపెట్టెల్లోనే వదిలేసి ఫ్రేములు కట్టే పనిలో పడ్డాను. మధ్యాహ్నానికి పూలన్నీ మెడలు వాల్చేశాయి. పాత సరుకు అంటగట్టారని ఏడుపొచ్చింది. దండలు కట్టడానికి వచ్చిన పెద్దాయన ఒక కాడ పట్టుకుని చూసి, బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోయించాడు. కాడల్ని నీళ్లలో ముంచి, నీళ్లలోనే ఏటవాలుగా అంగుళం మేర కోయించాడు. గంట గడిచేసరికి సగానికి పైగా తలెత్తాయి. కోసిన చోట కాడలోకి గాలి దూరితే నీరు పైకెక్కదు, ఎంత తాజా పువ్వయినా వాలిపోతుంది. ఆ రోజు నుంచి పూలు దిగగానే ముందు బకెట్లు నింపుతాను. జర్బెరాకు మాత్రం నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు, ఎక్కువైతే కాడ కుళ్లుతుంది. ఆంథూరియంలను ఫ్రిజ్‌లో పెట్టకండి, నల్లబడతాయి.

అపోహ: పెద్ద పెట్టుబడి కావాలి.

వాస్తవం: బకెట్లు, మంచి కత్తెర, బైండింగ్ వైరు, సగం అడ్వాన్సు. అడ్వాన్సు చేతికి రాకుండా పూలు కొనకండి. చిన్న వ్యాపారాల నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి ఏ ఏజెంటుకూ డబ్బులు కట్టక్కర్లేదు.

అపోహ: స్టూడెంట్లు కాబట్టి తక్కువకే చేయాలి.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. రాత్రంతా మేలుకుని మంటపం కట్టిన స్నేహితులకు బిర్యానీ పెట్టి పంపితే కూలి ఇచ్చినట్టు కాదు. కొటేషన్‌లో పూలు, ఆటో, వృథా, మనుషుల కూలి, మీ కూలి విడివిడిగా రాయండి. వృథా కింద నేను పూల ఖర్చులో 10 శాతం కలుపుతాను, ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ.

అపోహ: ల్యాండ్‌స్కేపింగ్ అంటే కడియం నర్సరీలకు వెళ్లి మొక్కలు తేవడమే.

వాస్తవం: మొక్కల వంతు చివర్లో వస్తుంది. ముందు ఎండ ఎటు నుంచి పడుతోందో, నీరు ఎటు పోతోందో చూడాలి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నిలిచే ఉంటే అక్కడ నాటిన చాలా మొక్కలకు వేరుకుళ్లు వస్తుంది. డాబా మీద తోట అడిగితే ఇంకా జాగ్రత్త. అడుగు మందాన పోసిన మట్టి తడిస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు మన దేశ భవన నిర్మాణ ప్రమాణాల్లో వేసే భారం లెక్క చదరపు మీటరుకు 150 కిలోలే. ఇంజనీరు చూసి సరేననేదాకా ఒక్క బస్తా కూడా పైకి ఎక్కించకండి.

అపోహ: ముహూర్తాలు లేకపోతే పని ఉండదు.

వాస్తవం: ఆషాఢంలో పెళ్లిళ్లు ఆగిపోతాయి. సరిగ్గా అప్పుడే వానలు పడతాయి, మొక్క నాటడానికి అంతకంటే మంచి అదను లేదు. వైశాఖంలో మీరు మంటపం కట్టిన ఇంటికే వెళ్లి, “ఆంటీ, పెరట్లో ఏమైనా నాటమంటారా?” అని అడగండి. నెలనెలా నేను తోట చూసుకునే ఇళ్లలో మొదటి మూడూ నాకు అలా దొరికినవే.