జాలీ వెనక నీలం

జడ్చర్లలో మా మేనమామ వాళ్ల డాబా మీద ఒక గదంత జాలీ గూడు ఉంది. అందులో ఇరవై దాకా బడ్జరిగార్లు, నాలుగు జీబ్రా ఫించ్‌లు, కింద నేల మీద కోళ్లలాంటి గోల్డెన్ ఫెజెంట్లు ఒక జత ఉంటాయి. బడ్జరిగార్లను మా పాలమూరులో అందరం లవ్ బర్డ్స్ అనే అంటాం. నిజానికి లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు, ఇవి ఆస్ట్రేలియావి. 1840లో జాన్ గౌల్డ్ అనే ఇంగ్లండు పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చాడు. ఇప్పుడు మామ ఇంట్లో మన కొర్రలు తిని పెరుగుతున్నాయి.

పోయిన ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కెమెరా పట్టుకుని నేరుగా గూట్లోకి వెళ్లాను. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి జాలీకి కొట్టుకున్నాయి. ఫెజెంటు పుంజు నీళ్ల తొట్టి వెనక నక్కింది. కాసేపటికి ఒక బడ్జరిగారు నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది.

"బయటికి రా బిడ్డా. జర ఊపిరి తీస్కోనీ వాటిని" అన్నాడు మామ.

పక్షులకు చెమట గ్రంథులు ఉండవు. ఒంట్లో వేడి ఎక్కువైతే నోరు తెరిచి రొప్పాలి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకోవాలి. మన ఎండాకాలంలో భయంతో అటూ ఇటూ ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రోజు ఫోటోలు చూస్తే మరో సంగతి తెలిసింది. భయపడిన పిట్ట ఈకలను ఒంటికి అదిమేసుకుంటుంది. మెడ నిక్కించి, సన్నగా, పుల్లలా కనిపిస్తుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట మీద ఈకలు కాస్త ఉబ్బి, పొర మీద పొర తెలుస్తుంది. మన కంటికి నచ్చే రంగు అప్పుడే బయటపడుతుంది.

ఆ రంగు ఎక్కడిదో తెలిస్తే ఫోటో తీసే పద్ధతే మారిపోతుంది. నీలం బడ్జరిగారు ఈకలో నీలం రంగు పదార్థం ఏదీ లేదు. ఈక లోపల కెరటిన్ (మన గోళ్లలో ఉండే లాంటి పదార్థం), గాలి కలిసి స్పాంజిలాంటి అతిసూక్ష్మమైన అల్లిక ఉంటుంది. అది నీలి కాంతిని వెనక్కి పంపుతుంది, మిగతాది కింద ఉన్న మెలనిన్ అనే నల్లని రంగు పదార్థం పీల్చుకుంటుంది. ఆ నీలం మీద పసుపు పదార్థం చేరితే మనకు ఆకుపచ్చ బడ్జరిగారు కనిపిస్తుంది. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్కల నీలం కూడా ఇలా అల్లిక వల్ల వచ్చేదే. సి.వి. రామన్ 1934లో పాలపిట్ట ఈకల రంగు మీదే పరిశోధన పత్రం రాశారు.

నీలం ఈకను ఎండకు అడ్డంగా పట్టి, వెనక నుంచి వెలుగు వచ్చేలా చూడండి. నీలం పోయి గోధుమ రంగు మిగులుతుంది. అందుకే వెలుతురు పిట్ట వెనక నుంచి కాక నా వీపు వైపు నుంచి రావాలి. నేను తూర్పుకు వీపు పెట్టి, పొద్దున ఆరున్నరకల్లా గూటి బయట పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఫ్లాష్ అస్సలు వాడను.

ఇక జాలీ. తీగ లెన్సుకు ఎంత దగ్గరగా ఉంటే అంతగా మసకబారి మాయమవుతుంది. కాబట్టి లెన్సును జాలీకి ఆనించి, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే కంత) పూర్తిగా తెరిచి, దూరంగా కూర్చున్న పిట్టను జూమ్ చేయాలి. తీగ మీద ఎండ పడితే మాత్రం ఫోటో అంతా తెల్లటి పొగలా వస్తుంది. ఆ చోట జాలీకి నీడ పడేలా మామ పైన గోనెపట్టా కట్టాడు. పిట్టలు దానికి అలవాటు పడేదాకా రెండు రోజులు నేను కెమెరా తీయలేదు. ఫోన్ అయితే ఇంకా సులువు, దాని చిన్న లెన్సు అర అంగుళం జాలీ కన్నులోంచే చూస్తుంది.

పక్షి కళ్లు మన కళ్లలా గుంతల్లో అంతగా తిరగవు, అందుకే తలనే చటుక్కున తిప్పుతుంది. రెండు తిప్పుల మధ్య తల కదలకుండా నిలిచే ఒక్క క్షణం ఉంటుంది. నేను ఎదురుచూసేది దానికోసమే.

ఇంత చేసినా, ఒక బడ్జరిగారు ఇంకో బడ్జరిగారుకు ఎలా కనిపిస్తుందో నా ఫోటోలో రాదు. మనకు కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు. వాటికి నాలుగు, మనకు కనిపించని అతినీలలోహిత కాంతినీ చూస్తాయి. వాటి నెత్తి మీద పసుపు ఈకలు ఆ కాంతిలో మెరుస్తాయి. 2002లో శాస్త్రవేత్తలు ఆ మెరుపును సన్‌స్క్రీన్‌తో ఆపి చూశారు. జత కోసం వెతికే పిట్టలకు మెరిసేవే ఎక్కువ నచ్చాయి. కెమెరాలో ఆ కాంతిని ఆపే ఫిల్టర్ ముందే ఉంటుంది.

ఇదంతా బయటి దేశాల నుంచి వచ్చి, పంజరాల్లోనే తరతరాలుగా పుట్టి పెరిగిన పక్షుల సంగతి. దసరాకు చూపించి డబ్బులు అడగడానికి పాలపిట్టను పట్టి బంధిస్తారు. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను దూరం నుంచే తీయండి.

ఐదో రోజు పొద్దున ఫెజెంటు పుంజు తొట్టి వెనక నుంచి బయటికి వచ్చింది. నేల గీకింది, కొర్రలు ఏరుకుంది, పెట్ట పక్కకు చేరింది. మెడ చుట్టూ ఉన్న నారింజ, నలుపు గీతల ఈకలను పెట్ట వైపు విసనకర్రలా విప్పింది. నా పీటకు రెండు మూరల దూరం కూడా లేదు. అంత దగ్గరలో నా లెన్సుకు ఫోకస్ కుదరదు. కెమెరా ఒళ్లో పెట్టుకుని, కదలకుండా చూస్తూ కూర్చున్నాను.