కనకుండా పాలు పడతాయా? దత్తత తల్లుల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో పసిపిల్లల వార్డు నర్సుగా మొదలుపెట్టి, తర్వాత తల్లిపాల కౌన్సెలింగ్‌కి వచ్చాను. రోజంతా బాలింతలతోనే సరిపోతుంది. అప్పుడప్పుడూ మాత్రం బాలింతలు కాని తల్లులు వస్తారు. ఓపీ ఖాళీ అయ్యేదాకా బెంచీ చివర కూర్చుని, లోపలికొచ్చాక తలుపు దగ్గరగా వేసి అడుగుతారు: "కనకుండా పాలెట్ల పడతాయి సిస్టరమ్మా?"

అపోహ: కంటేనే పాలు పడతాయి.

వాస్తవం: పాలు తయారు చేయించే హార్మోను ప్రొలాక్టిన్. తయారైన పాలను బయటికి తోసేది ఆక్సిటోసిన్. రెండూ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచే విడుదలవుతాయి. గర్భం రొమ్మును ముందుగా సిద్ధం చేస్తుంది, నిజమే. కానీ పాలు పడడం, నిలవడం చీకడం మీదే ఆధారపడి ఉంటాయి. బిడ్డ చీకినా, పంపుతో పిండినా ఆ గ్రంథికి కబురు అందుతుంది. అందుకే ఎప్పుడూ గర్భం రాని ఆమెకు కూడా పాలు పడొచ్చు. అయితే బిడ్డ ఇంటికి రావడానికి కొన్ని వారాలు, కుదిరితే కొన్ని నెలల ముందు నుంచే రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా పిండాలి, రాత్రిపూట కూడా లేవాలి. ఇంతకుముందు కని పాలిచ్చిన వాళ్లకు కాస్త తేలిక.

వాంతులకు వాడే డాంపెరిడోన్ మాత్ర పాలు పెంచుతుందని ఎవరో చెప్తే మెడికల్ షాపులో కొనుక్కునేవాళ్లు ఉన్నారు. ఆ మాత్రతో కొందరికి గుండె లయ దెబ్బతింటుంది. డాక్టరు చూడకుండా ముట్టుకోవద్దు. ఇక వెల్లుల్లి కారమంటారా, జొన్నరొట్టెలోకి శుభ్రంగా తినండి. చీకే నోరు లేకుండా ఆ కారం ఒక్కటే పాలు తేలేదు.

అపోహ: పాలు పడ్డాయంటే ఇక డబ్బాపాలు మానేయొచ్చు.

వాస్తవం: ఇందులో మొదట తప్పు చేసింది నేనే. కొత్తలో ఒకామెకు "తప్పకుండా పడతాయి, పట్టు వదలొద్దు" అని గట్టిగా చెప్పి పంపాను. ఆరు వారాలు పిండితే పూటకు రెండు చెంచాలు వచ్చాయి. నా మాట నిలబెట్టాలని ఆ మనిషి డబ్బాపాలు సగానికి తగ్గించేసింది. మళ్లీ తూకం వేసినప్పుడు చూస్తే బిడ్డ బరువు పెరగలేదు. తల్లి ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి మొదటి మాటే ఇది చెప్తున్నాను: దత్తత తల్లుల్లో ఎక్కువమందికి బిడ్డ కడుపు నిండేన్ని పాలు రావు. కడుపు లెక్క వేరు, ఒడి లెక్క వేరు. కడుపు లెక్కను తక్కెడ చూస్తుంది, రోజుకు ఆరుసార్లు తడిసే బట్టలు చూస్తాయి. అక్కడ పంతాలు పనికిరావు. డబ్బాపాలను పలచగా కలపడం, ఏడాది లోపే ఆవుపాలో ఎనుము పాలో పట్టడం కూడా వద్దు.

మరి రొమ్ము పట్టించడం ఎందుకంటారా? రెండూ ఒకేసారి జరిగే దారి ఉంది. ధర్మవరం వైపు నుంచి ఒక మగ్గం నేసేవాళ్ల కుటుంబం వచ్చింది. బిడ్డకు ఐదో నెల, సీసా అలవాటైన పిల్ల. స్టీలు గ్లాసులో కొలత ప్రకారం కలిపిన పాలు పోశాం. సన్నటి ఫీడింగ్ ట్యూబు ఒక కొస గ్లాసులో పెట్టి, రెండో కొసను చనుమొన పక్కన ప్లాస్టరుతో అంటించాం. పిల్ల రెండుసార్లు ముఖం తిప్పేసుకుంది. బలవంతం చేయకుండా భుజాన వేసుకుని తిప్పమన్నాను. అరగంట తర్వాత నిద్రమత్తులో ఉన్నప్పుడు పట్టింది. గ్లాసు పట్టుకున్న అత్తగారు దాంట్లోకే వంగి చూస్తూ, "దిగుతాండాయి పాపా, దిగుతాండాయి!" అని కోడలికి చెప్పింది. తల్లి రొమ్ములో ఆ రోజు ఒక్క చుక్క కూడా లేదు. గ్లాసు పైకెత్తితే పాలు వేగంగా వస్తాయి, దించితే నెమ్మదిస్తాయి. అది అత్తగారే కనిపెట్టింది.

ఆ వయసు పిల్లలు కొందరు ఎన్ని చేసినా రొమ్ము పట్టరు. వదిలేయండి. ఉగ్గుగిన్నె ఉంది, సీసా ఉంది.

అపోహ: పాలు తాగని బిడ్డ మనదనిపించదు, మనల్ని అంటుకోదు.

వాస్తవం: ఊళ్లో ఈ మాట ఎక్కువగా అనేది మంచి మనసున్నవాళ్లే, అదే బాధ. 1950లలో అమెరికాలో హ్యారీ హార్లో అనే శాస్త్రవేత్త కోతిపిల్లల ముందు రెండు బొమ్మ తల్లులను పెట్టాడు. తీగలతో చేసిన బొమ్మకు పాలసీసా ఉంది. మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మకు పాలు లేవు. పిల్లలు తీగ బొమ్మ దగ్గర పాలు తాగి, మళ్లీ వచ్చి గంటల తరబడి గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉండేవి. పాపం కోతులు, ప్రయోగం క్రూరమైనదే. కానీ ఒడి లెక్క ఏమిటో అందులో తేలిపోయింది.

శిశుగృహ నుంచి వచ్చిన బిడ్డ మొదటి రాత్రులు ఏడిస్తే చాలామంది తల్లులు "నన్ను ఒప్పుకోలేదు" అని కుమిలిపోతారు. బిడ్డ అక్కడ తనను ఎత్తుకున్న ఆయమ్మ కోసం వెతుక్కుంటోంది. ఒకరికి అలవాటైన బిడ్డ ఇంకొకరికి కూడా అలవాటవుతుంది. అక్కడ కప్పిన దుప్పటి ఉతక్కుండా అడిగి తెచ్చుకోండి, పాల డబ్బా వెంటనే మార్చకండి. మొదటి వారాల్లో ఎత్తుకోవడం, పాలు పట్టడం, నిద్రపుచ్చడం అమ్మానాన్నలే చేయాలి. చూడ్డానికొచ్చిన ప్రతి జేజీ చేతికీ ఇవ్వక్కర్లేదు. రవిక, చొక్కా తీసి బిడ్డను ఛాతీ మీద పడుకోబెట్టుకోవడం నాన్నలకూ కుదిరే పనే. వాళ్లకు సిగ్గెక్కువ, అంతే.

అపోహ: పురిటి బిడ్డను ఆసుపత్రిలోనే తీసేసుకుంటే పాలూ బంధమూ రెండూ కుదురుతాయి.

వాస్తవం: ఈ ఆశతోనే బ్రోకర్ల చేతుల్లో పడుతున్నారు. బిడ్డను కొన్నా అమ్మినా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) వెబ్‌సైటులో నమోదు, ఇంటి పరిశీలన, చివరికి కలెక్టరు ఉత్తర్వు, ఇదీ దారి. కన్నతల్లి తానే అప్పగించిన బిడ్డ అయితే ఆమె మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. కాబట్టి బిడ్డ మీ చేతికి వచ్చేసరికి కొన్ని నెలలు నిండే ఉంటాయి. ఆ ఎదురుచూసే కాలమే పంపు మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లు శిశుగృహలో వాడిన పాల డబ్బా, టీకాల కార్డు, బరువు రాసిన కాగితం తెచ్చుకోండి. వీలైతే అత్తగారిని కూడా వెంటబెట్టుకు రండి. గ్లాసు పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి.