అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు: అపోహలు, వాస్తవాలు

అమెరికా చరిత్ర బోధించేవారికి ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలైన 1861 సంవత్సరపు పాఠం దగ్గర ప్రతి తరగతిలోనూ ఎదురయ్యే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎంతో కొంత నిజం కలిసి ఉండటం వల్లనే అవి ఒక పట్టాన వదలవు.

అపోహ: దక్షిణాది రాష్ట్రాలు రాష్ట్రాల హక్కుల కోసమే అమెరికా నుంచి విడిపోయాయి, బానిసత్వం పైకి కనిపించే కారణం మాత్రమే.

వాస్తవం: ఈ వాదన ప్రధానంగా యుద్ధంలో ఓడిన తరువాత బలపడినది. అంతకుముందు దశాబ్దంలో దక్షిణాది నాయకులు, కేంద్రం తమ పక్షాన ఉన్నంతకాలం, బలమైన కేంద్రాన్నే కోరుకున్నారు. 1850లో కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ఆమోదించిన పారిపోయిన బానిసల చట్టం ప్రకారం పట్టుబడిన వ్యక్తికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే అవకాశమూ లేదు. అతణ్ణి యజమానికి అప్పగిస్తే విచారణాధికారికి 10 డాలర్ల రుసుము, విడిచిపెడితే 5 డాలర్లు ముట్టేవి. (అప్పగింతకు కాగితాల పని ఎక్కువని దీన్ని సమర్థించుకున్నారు, న్యాయం ఎటు మొగ్గుతుందో చెప్పడానికి ఈ లెక్క చాలు.) బానిసలను పట్టుకోవడానికి పిలిస్తే ఉత్తరాది పౌరులు సైతం సహకరించాలని ఆ చట్టం శాసించింది. విస్కాన్సిన్ రాష్ట్ర న్యాయస్థానం అది చెల్లదని తీర్పు చెప్పగా, 1859లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. రాష్ట్ర హక్కుల వాదన అక్కడ ఉత్తరాదిది. 1860 డిసెంబరు 20న విడిపోయిన సౌత్ కరోలినా కూడా, తన కారణాల ప్రకటనలో, ఉత్తరాది రాష్ట్రాలు ఈ చట్టాన్ని అమలు చేయడం లేదనే ఫిర్యాదు చేసింది. మిసిసిపీ ప్రకటన మరింత సూటిగా తన మనుగడే బానిసత్వంతో పెనవేసుకున్నదని చెప్పుకుంది. ఆ రాష్ట్రాలు కలిసి రాసుకున్న కొత్త రాజ్యాంగం, బానిసలపై ఆస్తిహక్కుకు భంగం కలిగించే చట్టం తమ కాంగ్రెస్ చేయరాదని నిషేధించింది.

అపోహ: అసలు గొడవ దిగుమతి సుంకాలది.

వాస్తవం: 1832లో సౌత్ కరోలినా సుంకాలపై తిరగబడిన మాట నిజమే. అయితే 1857 చట్టం దక్షిణాది మద్దతుతోనే సుంకాలను తగ్గించింది. వాటిని పెంచిన చట్టం 1861 మార్చిలో వచ్చేసరికి ఏడు రాష్ట్రాలు అప్పటికే విడిపోయాయి.

అపోహ: 1860 అధ్యక్ష ఎన్నికల్లో గెలిస్తే బానిసలందరినీ విడిపిస్తానని లింకన్ ప్రకటించాడు.

వాస్తవం: బానిసత్వం ఉన్న రాష్ట్రాల జోలికి వెళ్లనని, ఇంకా రాష్ట్రాలు కాని కొత్త ప్రాంతాలకు దాన్ని విస్తరించనివ్వనని మాత్రమే ఆయన అన్నాడు. అంతమాత్రానికే దక్షిణాది ఎందుకు ఉలిక్కిపడిందన్నది తెలియాలంటే ఆ ప్రాంతాల తగాదా తెలియాలి. 1820 నాటి మిస్సోరీ ఒప్పందం, మిస్సోరీ రాష్ట్రాన్ని మినహాయించి, ఆ రాష్ట్రపు దక్షిణ సరిహద్దుకు ఉత్తరాన ఉన్న పశ్చిమ భూముల్లో బానిసత్వం ఉండకూడదని ఒక సరిహద్దు గీత గీసింది. 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం ఆ గీతను చెరిపి, నిర్ణయాన్ని అక్కడి వలసదారులకు వదిలేయగానే ఇరుపక్షాలూ తుపాకులతో కాన్సాస్ చేరాయి. ఆ చట్టంపై ఆగ్రహం నుంచే, బానిసత్వ విస్తరణను ఆపాలనే లక్ష్యంతో, లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1857లో, స్వేచ్ఛ కోసం దావా వేసిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, ఆ ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని, అంటే ఆ పార్టీ ప్రధాన లక్ష్యమే రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. కొత్త భూములన్నీ బానిసత్వం లేని రాష్ట్రాలైతే ప్రతి రాష్ట్రానికీ సమాన స్థానాలుండే ఎగువ సభ సెనేట్ చేజారుతుందని దక్షిణాది లెక్క వేసుకుంది. 1860లో, తరువాత విడిపోయిన 11 రాష్ట్రాలలో వర్జీనియాలో తప్ప మరెక్కడా ప్రజల ఓట్లు పడకుండానే లింకన్ అధ్యక్షుడయ్యాడు. దక్షిణాది సమ్మతి లేకుండా దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకోవచ్చని రుజువు కావడమే వారికి చాలింది. వాటిలో ఏడు రాష్ట్రాలు ఆయన ప్రమాణస్వీకారం చేసే వరకు కూడా ఆగలేదు.